కిర్రుమనే కర్ర

మొన్న వడ్రంగి దుకాణం ముందు నుంచి పోతుంటే పచ్చి కర్ర వాసన గుప్పుమంది, ఇక చూడండి, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గోదావరిఖనిలో మా క్వార్టరుకు ఆ వాసన బాపుతో పాటే వచ్చేది. బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం మా బాపు పని. మొదటి షిఫ్టు అయిపోయాక, కనురెప్పలకు బొగ్గు కాటుకతో, పొయ్యిలోకి ఒక కర్రముక్క భుజాన పెట్టుకొని వచ్చేవాడు.

మా క్వార్టర్ల లైనులో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల మా సరళక్క. నాలుగో తరగతి చదివే నేను లైనంతా చూడాలని ఆమె పుస్తకాలు ఎత్తుకొని బస్సు దాకా వెళ్లేదాన్ని. నాది పెద్ద నోరు. మోకాలు గీసుకుంటే చాలు, నా ఏడుపు లైను ఆ చివరికి వినపడేది. అక్క మాత్రం మెత్తగా నవ్వి ఊరుకునే మనిషి.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు ఫలితాలు వచ్చాయి. అక్క ఇంగ్లీషులో తప్పింది. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గిన్నెలు తోమింది, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టింది, పుస్తకాలు రేకుపెట్టెలో సర్దేసి ఇక కుట్టుపని నేర్చుకుంటానంది. పక్క క్వార్టరు జుబేదా ఖాలా పిల్లది ఎంత గట్టిదని మెచ్చుకుంది, మా అవ్వ, అంటే అమ్మ, ఊపిరి పీల్చుకుంది, నేనైతే మా అక్క ఫెయిలైనా ఏడవదని బడిలో గొప్పలు పోయాను. ఎంత తెలివితక్కువదాన్నో!

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం తంగేడు, గునుగు పూల చుట్టూ ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. అక్క చేతులు ఆడుతున్నాయి, పెదాలు కదలడం లేదు. దూరంగా మంచంలో కూర్చున్న బాపు అదే చూస్తున్నాడు. జ్వరంలో కూడా డ్యూటీ మానని మనిషి, తెల్లవారి డ్యూటీకి పోలేదు. పొయ్యి దగ్గర అక్క పక్కన కూర్చున్నాడు.

“మంచిగనే ఉన్న బాపు,” అంది అక్క, ఆయన ఏమీ అడగకముందే.

“బాయిల కర్ర దిమ్మె కూలే ముందుగాల కిర్రుమంటది బిడ్డా, మేం బయటికి ఉరుకుతం. ఇనుప దిమ్మె సప్పుడు చెయ్యదు. దాని కిందికి పోవాల్నంటెనే నాకు భయం. నువ్వు ఒక్కసారి సప్పుడు చెయ్యి.”

అమ్మో, అప్పుడు ఏడ్చింది మా అక్క! నా ఏడుపులన్నీ దాని ముందు దిగదుడుపే. క్లాసులో ఇంగ్లీషు చదవమంటే అందరూ నవ్వారని మొదలుపెట్టి అన్నీ చెప్పింది. బాపు పొయ్యిలో కర్ర ఎగదోస్తూ విన్నాడు, అంతే. మర్నాడు అక్క తనే రేకుపెట్టె తెరిచింది. రోజూ వాకిట్లో నిలబడి ఇంగ్లీషు పాఠాలు గట్టిగా చదివేది. లైనంతా నవ్వినా ఆపలేదు. మళ్లీ రాసి పాసైంది.

ఇప్పుడు బాపు దిగిన బాయి మూతబడింది, మా లైను ఉన్నచోట పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గుంత ఉంది. అక్క డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది, అదీ ఇంగ్లీషు. ఫెయిలై ఏడ్చే పిల్లలకు మంచినీళ్లు ఇస్తుందట, ఏం కాలేదని నవ్వేవాళ్ల పక్కన కూర్చుంటుందట. ఆమె మా అక్క అని ఇప్పటికీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాను.

పోయినేడు బాపు పోయాడు. వచ్చినవాళ్లకు చాయ్‌లు పోయించి, పనులన్నీ నేనే చక్కబెట్టాను; ఒక్క చుక్క రాలలేదు. అందరూ గట్టిదన్నారు. పదో రోజు అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

“సప్పుడు చెయ్యవే,” అంది.

చేశాను. ఆ లైనే ఉండి ఉంటే ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేది.