తమ్ముడు చేసిన నలుగురు

నల్గొండ నుంచి దేవరకొండ పోయే బస్సులో నా పక్క సీటామె ఫోన్‌లో గేమ్ ఆడుతోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. అది నేనూ ఆడిన ఆటే. నలుగురిని వెంటబెట్టుకొని రాక్షసుల మీదికి పోవాలి. ఆ నలుగురినీ మనమే తయారు చేసుకోవచ్చు, లేదంటే ఆటలో ముందే ఉన్నవాళ్లను తీసుకోవచ్చు. ఆమె మాత్రం తన నలుగురినీ కోట లోపలి వీధుల్లోనే తిప్పుతోంది.

ఉండబట్టలేక అన్నాను. "ఆటల ఉన్నోళ్లను తీస్కోరాదా అక్కా? వాళ్లకు కథలుంటయి, ముచ్చట పెడ్తరు. మనం చేసుకున్నోళ్లు నోరు తెరువరు."

"తెల్సు," అంది తలెత్తకుండానే. "వీళ్లను మా తమ్ముడు చేసిండు. ఫోన్ గూడ వానిదే. గీమె అమ్మ, గీయన బాపు, గీ కత్తి పట్టుకున్నది నేను. విల్లు పట్టుకున్నది వాడు. పోయినేడు జ్వరమొచ్చి దవాఖానలనే పోయిండు."

వంగి ఆ విల్లు పట్టుకున్నవాణ్ణి చూశాను. ఆమే అడిగింది.

"కోట దాటితే లడాయి ఉంటదట గద. అండ్ల సచ్చినోళ్లు మళ్ల లేస్తరా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. "లేవరక్కా," అన్నాను.

"గందుకే తోల్కపోత లేను," అని తమ్ముణ్ణి నీడలోకి నడిపించి, మిగతా ముగ్గురినీ వాడి చుట్టూ కూర్చోబెట్టింది. కొండమల్లేపల్లిలో దిగేదాకా వాళ్లను కదపలేదు.

ఆ ఆటను నేను మళ్లీ మొదలుపెట్టి చాలాసార్లు కోట తలుపు దాకా పోయాను. ఇప్పటికీ దాటలేదు.