ఖాళీ కుర్చీ బొమ్మ

ఆ ఇంట్లో రోజు గోడకి వేలాడుతూ ఉంటుంది.

తలుపు పక్కన మేకుకి తగిలించిన పొడవాటి గుడ్డపట్టీ. దాని మీద పైనుంచి కిందిదాకా గుండీలు. ఒక్కో గుండీకి అరచేతంత గుడ్డబొమ్మ: పళ్ళు తోముకునే బ్రష్షు, స్నానం బకెట్టు, కంచం, మడతపెట్టాల్సిన బట్టలు, కుట్టుమిషను ముందు అమ్మ, అన్నిటికన్నా కింద దిండు. అయిపోయిన పని బొమ్మని గువ్వ గుండీ విప్పి తీసి రేకుడబ్బాలో వేస్తుంది. మూత టప్పుమంటేనే తర్వాతి పని. పట్టీ మీద లేనిది ఆ ఇంట్లో జరగదు.

గువ్వ అంటే కూతురు. తల్లి భుజం దాటి ఎదిగింది గానీ ముద్దుపేరు చిన్నప్పటిదే ఉండిపోయింది. తల్లిని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. మెట్లెక్కి వస్తే రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద మిషను, మిషను ముందు చేతుల్లేని కుర్చీ. అందులో వేసిన దిండు ఆమె ఒంటి తీరుకి గుంటపడిపోయింది.

గువ్వకి చిన్నప్పుడు మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు, ఫ్యాను తిరిగితే మాత్రం కళ్ళార్పకుండా చూసేది. చెవుడేమో అన్నారొకరు. గారాబం అన్నారింకొకరు. "తల్లికెప్పుడూ మిషను గోలే, పిల్లతో మాట్లాడితేగా" అంది అత్తగారు. ఆ మాట టైలరమ్మ లోపల విరిగిన సూదిలా ఉండిపోయింది. చివరికి పిల్లల డాక్టరు ఆటిజం అన్నాడు. "మీ పెంపకంలో తప్పేం లేదమ్మా. పుట్టుకతోనే ఆ మెదడు అల్లిక వేరు. మందులతో మారేది కాదు. ఓపిగ్గా నేర్పితే తన పద్ధతిలో నేర్చుకుంటుంది." ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. తెల్లారాక భయం వేసింది.

ఇలాంటి పిల్లల కోసమే నడిచే బడి ఒకటి ఉంటే చేర్చింది. అక్కడి టీచరు చెప్పింది: "మనం అన్న మాట గాలిలో కలిసిపోతుంది. పిల్ల అందుకునేలోపే మాయం. బొమ్మ అయితే ఆగుతుంది. తర్వాత ఏం రాబోతోందో కంటికి కనిపిస్తే వీళ్ళకి సగం భయం తగ్గుతుంది. దీని మీద చాలా పరిశోధనలు జరిగాయండీ." బడిలో ఇచ్చిన కాగితం బొమ్మల్ని గువ్వ అంచులు పీకి ముక్కలు చేసింది. టైలరమ్మ వాటినే గుడ్డ మీద కుట్టింది, కాజాలు తీసింది. కాజాలో గుండీ దూరే క్షణంలో పిల్ల ముఖం నీళ్ళు తేరుకున్నట్టు తేటపడింది. గోడకి తల కొట్టుకోవడం మెల్లగా తగ్గింది.

"మధ్యమధ్యలో కొత్త బొమ్మ కూడా పెడుతుండండి. అనుకోనివి కూడా వస్తాయని తెలియాలి కదా" అంది టీచరు. పెట్టింది ఒకసారి. ఆ పూట గువ్వ నుదురు కమిలిపోయింది. ఇక ఆ జోలికి పోలేదు. చిల్లన్నది లేకుండా రోజులు కుట్టుకుంటూ వచ్చింది. బడి వయసు దాటాక గువ్వ ఇంటిపట్టునే ఉంది. అమ్మ మిషను ముందు ఉండాలని పట్టీ అంటుంది కాబట్టి అమ్మ ఉంది. సరుకులు కొట్టతనే పంపేవాడు, బేరాలు మెట్లెక్కి వచ్చేవి. ఎండా వానా ఆమెకి కిటికీ మేరకే తెలిసేవి. ఆ గుడ్డలో కూతురితో పాటు తననీ కుట్టేసుకున్నానని ఆమెకి తట్టేసరికి కళ్ళు మసకబారాయి.

"టైలరమ్మగారూ, ఈ కాజాలు ఒకదాని మీద ఒకటి అలిగినట్టున్నాయి" అని నవ్వుతూనే షర్టు వెనక్కి ఇచ్చాడు వాడుకగా వచ్చే గుమాస్తా. రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు, అతను ఇంటికే వెంటపెట్టుకొచ్చిన కంటి డాక్టరు. ముందు కుడికన్ను చేస్తాను, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళొచ్చన్నాడు. ఆమె వాయిదా వేసింది. మళ్ళీ వేసింది.

"కళ్ళు పోయాక దీనికి బొమ్మలెవరు కుడతారే?" అంది టైలరమ్మ అక్క. "నేనుంటా కదా ఆ పూటకి."

"ఉంటావులే. పట్టీ మీద నువ్వెక్కడున్నావు?"

"అయితే నన్నూ కుట్టు. కాస్త సన్నగా కుట్టు."

టీచరుకి ఫోన్ చేస్తే, "మీరు లేని బొమ్మ ఒకటి చెయ్యండి. ముందు కాసేపు బయటికెళ్ళి వస్తూ అలవాటు చెయ్యండి" అంది. సరేనంది గానీ చెయ్యి రాలేదు. రేపు ఆపరేషననగా, గువ్వ బట్టలు మడతపెడుతుంటే సూది పట్టుకుంది. ఖాళీగా ఉంటే తన కుర్చీ ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. లేచి వెనక్కి తిరిగి చూసింది. గుంటపడిన దిండు, ఎవరో లోపలే ఉండిపోయినట్టు. అలాగే కుట్టింది. పక్కనే అక్కని కుట్టింది, సన్నగా. పట్టీ మీద మిషను ముందు అమ్మని తీసి, ఆ గుండీకి దీన్ని తగిలించింది.

పొద్దున అక్క వచ్చి గోడవారగా కూర్చుంది. టైలరమ్మ అలవాటుకొద్దీ మిషను ముందే కూర్చుని పట్టీ వైపు చూసింది. గువ్వ కొత్త బొమ్మ దగ్గర ఆగింది. దిండు మీద వేలు తిప్పింది. కుర్చీలో ఉన్న తల్లిని చూసింది. మళ్ళీ బొమ్మని చూసింది. వచ్చి తల్లి జబ్బ పట్టుకుని లేపి, గుమ్మం దాటించి, తలుపు వేసేసింది.

మెట్ల మీద నిలబడిపోయింది టైలరమ్మ. లోపలినించి గోడ చప్పుడు వస్తుందని చెవులు రిక్కించింది. రాలేదు. ఆసుపత్రి బల్ల మీద పడుకున్నాక కూడా ఆ చప్పుడు కోసమే వింది.

సాయంత్రం కుడికంటికి తెల్లటి కట్టుతో తిరిగొచ్చి తలుపు తట్టింది. గువ్వ తలుపు ఓరగా తీసి, కాలు అడ్డం పెట్టింది.

"అమ్మ లేదు."

"నేనేనే తల్లీ."

"లేదు." పట్టీ మీద ఇంకా ఖాళీ కుర్చీయే ఉంది. గువ్వ వేలు దాని మీదే ఉంది.

వెళ్ళడానికి బొమ్మ కుట్టింది, రావడానికి కుట్టలేదు. ఇన్నేళ్ళలో ఆమె వెళ్ళిందెప్పుడని, వచ్చే సంగతి తోచడానికి?

అక్క వెనకనించి పాత బొమ్మ అందించింది, మిషను ముందు అమ్మ. "ఇదుగోనే మీ అమ్మ. నన్ను చంపకుండా రానివ్వు." గువ్వ బొమ్మలోని నల్లదారం కళ్ళు రెండూ తడిమింది. చెయ్యి సందులోంచి చాపి తల్లి కంటికట్టు తాకింది. బొమ్మ డబ్బాలో పడింది. మూత టప్పుమంది.

"తల కొట్టుకోలేదే" అంది అక్క లోపలినించి. "వేళకి తింది. నన్నొకసారి వాసన చూసి వదిలేసింది. ఇప్పుడే ఈ పేచీ."

"ఆ బొమ్మ తీసి ఇలా ఇవ్వక్కా. సూదిడబ్బా కూడా."

పై మెట్టు మీద కూర్చుంది. మసక కంటికి సూది బెజ్జం దొరకలేదు, దారం కొస దారి తప్పుతూనే ఉంది. తలుపు సందులోంచి గువ్వ వేళ్ళు వచ్చాయి. సూదీ దారం తీసుకుపోయి, ఎక్కించి, తిరిగి ఇచ్చాయి. బొమ్మలోని అమ్మకి టైలరమ్మ కుడికంటి మీద తెల్లగుడ్డ పీలిక కుట్టింది. కుట్టడం అయిపోయింది కూడా. దారం మాత్రం తెంపలేదు. మెట్ల మీద గాలి వస్తోంది. కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఒక్క నిమిషం ఎవరి పట్టీ మీదా లేని చోట కూర్చున్నట్టుంది ఆమెకి. సందులో ఆ వేళ్ళు ఎదురుచూస్తున్నాయి.

దారం కొరికి ఇచ్చింది. గుండీ పడింది. తలుపు తెరుచుకుంది. గువ్వ ఆమెని చెయ్యిపట్టి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. పొద్దుటి గుంటలోనే.

మర్నాడు పొద్దున ఆ వేళకే గువ్వ డబ్బా తెరిచి, ఖాళీ కుర్చీ బొమ్మ తనే వెతికి తీసి, తనే తగిలించింది. తల్లి జబ్బ పట్టుకుంది.

"ఇవాళ ఆపరేషను లేదే" అంటూనే ఉంది టైలరమ్మ.

తలుపు పడింది. ఒకసారి పట్టీకెక్కింది ఇక దిగదని ఆమెకి తెలుసు. లోపల ఉండి తీరాల్సిన మనిషి ఇక రోజూ ఈ వేళకి బయట ఉండి తీరాలి. కట్టు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడింది. ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. చెప్పులు లోపలే ఉండిపోయాయి.

ఒక మెట్టు దిగింది.