చెప్పులిడిచే చోటు

మా తాడ్వాయి సాయిలన్నను చూడాలె మీరు! చెవుల బీడీ, భుజం మీద తువాల. తన మక్కచేను నడుమకు రాంగనే చెప్పులు చేతవట్టుకుంటడు, ఆ జాగ దాటినంకనే తొడుక్కుంటడు. "ఏందే సాయిలన్నా, చేన్ల గుడున్నదా?" అని అందరు నవ్వుడే. మొన్న పురుగుల మందు కొట్టెటందుకు మా ఊరి పోరడు నరేందర్ ఆ చేను మీద డ్రోన్ లేపితే, సరిగ్గ ఆ జాగలనే ముదురుపచ్చగ గుండ్రటి మచ్చ కనవడ్డది. ఆకాశంకెల్లి ఏదో దిగిందని ఊరంత ఫోన్లు పట్టుకొని ఉరికొచ్చింది. మోకాలెత్తు పంట తొక్కుడైతదని సాయిలన్న గట్టు మీద చేతులు చాపి నిలవడ్డడు.

"ఏదీ దిగలే! అది మా బాపు నాటి కళ్లం. ఎడ్లు తిరిగి తిరిగి, పేడ పడి బలిసిన మన్ను. గింజ రాలిన కళ్లంల చెప్పులతోని దిగుతరా?"

ముందుగాల నరేందరే చెప్పులిడిసిండు. ఎనుక అందరు ఇడిసిండ్రు, గట్టు మీదికెల్లే మొక్కి మర్లిండ్రు. ఒక్క మక్కకర్ర గూడ వంగలే.