మోకాలి లోతు గడ్డి

తొంభైల్లో నేను నందిగామ దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. కాపురం జగ్గయ్యపేటలో. పొద్దున ఏడున్నర బస్సు, సాయంత్రం ఏది దొరికితే అది. సీటు దొరగ్గానే పక్కవాళ్లతో పలకకుండా కళ్లు మూసుకునేదాన్ని కాబట్టి, సోషల్ టీచర్లలో నా అంత అన్‌సోషల్ మనిషి ఇంకొకరుండరని మా డ్రాయింగ్ మాస్టారు అనేవారు. ఒప్పుకున్నాను. కానీ ఆ సోషల్లో నాకు కొట్టినపిండి లాంటి పాఠం ఒకటుండేది. థార్ ఎడారి. ఎడారిని ఎడాపెడా చెప్పేసేదాన్ని. క్వారీల మీంచి వచ్చే వడగాలి, చీర కొంగు మీద సిమెంటు దుమ్ము, మే నెలలో ముట్టుకుంటే చురుక్కుమనే బస్సు కడ్డీ... ఇన్ని ఎరిగినదాన్ని, ఎడారి గురించి ఇంకొకరు నాకు చెప్పాలా అనే ధీమా.

ఆ ధీమాకి తోడు, బ్యాంకువాళ్లు మా చెల్లెలి భర్తని జైసల్మేర్‌కి బదిలీ చేశారు. బంధువులందరూ పరామర్శకి వచ్చినట్టు వచ్చి వెళ్లారు. నేనొక్కదాన్నే లోలోపల సంబరపడ్డాను. వేసవి సెలవులివ్వగానే మూడు రైళ్లు మారి మే నెల మధ్యలో అక్కడ దిగాను. మే నెలలో ఎడారికి వెళ్లేవాళ్లు రెండు రకాలు: తెలియనివాళ్లు, టీచర్లు. నేను రెండూ.

ఊరికి గంట దూరంలో ఎడారిలోనే ఒక నేషనల్ పార్కు ఉందని మా మరిది చెప్పాడు. పార్కంటే నా బుర్రలో విజయవాడలో చూసిన పార్కే. సిమెంటు బెంచీలు, ఉయ్యాల, వేరుశనక్కాయల బండి. అక్కడ దిగాక చూస్తే ఒక ఇనప గేటు, ఒక గార్డు, ఆ వెనక ఆకాశం అంచు దాకా ఇసుక, ఎండిన దుబ్బులు. వడదెబ్బ తగలకుండా హ్యాండ్‌బ్యాగులో ఉల్లిపాయ పెట్టుకెళ్లాను. మా పేటలో అందరం చేసే పనే. పది గంటలకల్లా ఉల్లిపాయా నేనూ ఒకేలా వాడిపోయాం. బట్టమేక పిట్ట అని ఏదో అరుదైన పక్షి ఉంటుందన్నారు, కనపడలేదు. ఒక నక్క మాత్రం జీపు నీడలోకి వచ్చి నిలబడి, మేం కదలగానే విసుక్కుంటూ వెళ్లిపోయింది.

ఒక్క చెట్టుని మాత్రం గుర్తుపట్టాను. జమ్మిచెట్టు. దసరాకి మనం పూజ చేసే జమ్మే, అక్కడ ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది. దాని పక్కన జిల్లేడు. చుట్టాలు కనపడ్డట్టు సంతోషం వేసింది. కానీ పాఠంలో జమ్మి లేదు, జిల్లేడు లేదు. అందుకని తిరిగొచ్చాక క్లాసులో ఆ మాటే ఎత్తలేదు. పుస్తకంలో ఉన్నదే కళ్లారా చూసొచ్చానని చెప్పాను. రుజువుగా కాఫీపొడి సీసాలో ఇసుక తెచ్చాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ సీసాని బెంచీల మీదుగా చేతులు మార్చారు. మన మునేరు ఏటి ఇసుక కంటే సన్నగా ఉందని ఒకడు తేల్చాడు.

ఆ క్లాసులో రెండో బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. మిరపకాయల లోడు ఎత్తుకుని ఉత్తరాదికి వెళ్లి, ఇరవై రోజులకో నెలకో పాలరాతి పలకలతో తిరిగొచ్చేవాడు. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల చుట్టూ పదిమంది చేరి అన్నాలు తినేవారు. నాన్న చెప్పిన ఊళ్లన్నీ ఆ పిల్ల నోటి మీదుగా మళ్లీ బయల్దేరేవి. చంబల్ లోయలు, ఘాట్ రోడ్డు మీద తెగిన బ్రేకు, ఒంటె మీద పెళ్లికొడుకు. స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి నాక్కూడా సగం సగం వినపడేవి.

క్వార్టర్లీ పరీక్షల్లో ఎడారి ప్రశ్న నేనే ఇచ్చాను, నాలుగు మార్కులకి. అందరూ పుస్తకంలోదే దించారు. "వర్షపాతము మిక్కిలి స్వల్పము. వృక్షజాలము లేదు." ఈ అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "వాన పడ్డాక థార్ ఎడారిలో మోకాలి లోతు గడ్డి మొలుచును. గొర్రెల మందలు వచ్చును. ఆ గడ్డిలో మనిషి నడుమంత ఎత్తు పిట్ట తిరుగును. అది ఎగరటానికి బద్ధకించును."

ఎర్ర సిరాతో రెండు మార్కులు కోశాను. కోసి ఊరుకుంటే పోయేది. పక్కన "ఎవరు చెప్పారు?" అని రాశాను. రాసి ఊరుకున్నా పోయేది. పేపర్లిచ్చేరోజు దాన్ని పైకి చదివాను. "బద్ధకించును" దగ్గర క్లాసంతా గొల్లుమంది. నిజం చెప్పాలంటే గొల్లుమనేట్టే చదివాను.

ఆ పిల్ల లేచి నిలబడింది. "మా నాన్న చూసాడండి" అంది.

"నేనూ చూశానమ్మా. మీ నాన్న లారీలోంచి చూశాడు, నేను దిగి చూశా" అన్నాను.

మళ్లీ నవ్వులు. ఆ పిల్ల కూర్చుంది. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను. ఆ వారంలోనే పిల్లలు తనకి 'గడ్డి' అని పేరు పెట్టారని డ్రాయింగ్ మాస్టారు చెప్పారు. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారులెండి అన్నాను. ఆ పిల్ల రెండో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మారింది. మధ్యాహ్నాలు ఒక్కతే తినేది. స్టాఫ్‌రూమ్ కిటికీ నిశ్శబ్దమైంది. అదీ నేను గమనించలేదు. గమనించానేమో, ప్రశాంతంగా ఉందనుకుని ఉంటాను.

మరుసటి ఏడు ఆగస్టులో మా చెల్లెలికి రెండో కాన్పు. మొదటిది పుట్టింట్లో అయింది. రెండోదానికి ఇంతదూరం రాలేనక్కా, నువ్వే రమ్మని ఉత్తరం రాసింది. ఉన్న సెలవులన్నీ ఊడ్చి పెట్టుకుని వెళ్లాను. బాలింతకి పథ్యం వండటం, పసివాడికి నీళ్లు పోయటం. మూడువారాలు గడిచాక మా మరిదికి నా మీద జాలి కలిగి, ఒక్కపూట తిప్పుకొస్తానని జీపు మాట్లాడాడు. అంతకు పదిరోజుల ముందే అక్కడ మంచి వాన పడింది. పార్కు చూసేశానుగా, కోటకి పోదాం అన్నాను. జీపతను వినిపించుకోకుండా పార్కుకే పోనిచ్చాడు.

అదే ఇనప గేటు. అదే గార్డు. ఆ వెనక మాత్రం పచ్చగా ఉంది.

ముందు నా కళ్లజోడుని అనుమానించాను. తుడిచి పెట్టుకున్నా పచ్చగానే ఉంది. జీపు దిగి నడిచాను. నిన్నటి దాకా ఇసుక అనుకున్నచోట గడ్డి గాలికి వంగి లేస్తోంది. పొద్దుటి మంచుకి కుచ్చిళ్లు తడిశాయి. ఆగి, వంగి, ఒక పరకని కాలికి ఆనించి చూసుకున్నాను. మోకాలు. కావాలని కొలిచినట్టు సరిగ్గా మోకాలి చిప్ప దాకా వచ్చింది. దూరంగా గొర్రెల మంద, దాని వెనక ఎర్ర తలపాగా.

గార్డు చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి చెయ్యి చాపాడు. గడ్డిలోంచి ఒక తెల్లటి మెడ లేచింది. తల మీద నల్లటి టోపీ పెట్టినట్టుంది. గోధుమరంగు రెక్కలు వెనక్కి కట్టుకుని, స్కూలు తనిఖీకి వచ్చిన డీఈఓగారిలా తాపీగా అడుగులేస్తోంది. మనిషి నడుమంత ఎత్తుంది. అటుగా ఒక ఒంటెబండి వచ్చింది. పిట్ట ఆగింది. ఎగరాలా అని ఆలోచించింది. రెక్క కొంచెం విప్పింది. ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు మళ్లీ ముడిచి పక్కకి నడిచింది.

బద్ధకించింది. దానికి అంతకంటే మంచి మాట నాకు ఈనాటికీ దొరకలేదు.

"ఏంటి వదినగారూ, ఏడుస్తున్నారా?" అన్నాడు మా మరిది.

"కంట్లో ఇసుక పడింది."

"వాన పడ్డాక ఇసుక లేవదండి" అన్నాడు. బ్యాంకులో చెక్కులు చూసీ చూసీ అతనికి తప్పులు పట్టే అలవాటు.

ఫోటో తీద్దామంటే కెమెరాలో రీలు లేదు. ముప్ఫై ఆరింట్లోనూ పసివాడే. పడుకున్నవాడు, పడుకోబోతున్నవాడు. నాలుగు గడ్డిపరకలు పీకి చేతిసంచీలోని పుస్తకంలో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో మూడు రైళ్లలోనూ 'ఎవరు చెప్పారు?' అన్న నా ఎర్ర అక్షరాలే కనపడ్డాయి.

ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేశారు. పాత పేపరు వెతికి మార్కులు కలుపుదామనుకున్నాను. వేసవిలోనే ప్యూను ఆ కట్టలన్నీ తూకానికి వేసేశాడట. బస్టాండులో బజ్జీల పొట్లం విప్పినప్పుడల్లా కాగితం తిప్పి చూసేదాన్ని. లెక్కలు దొరికాయి, హిందీ దొరికింది. ఎడారి దొరకలేదు.

ఇక తప్పక క్లాసులోనే చెప్పాను. గడ్డిపరకలు చూపించి, పోయినేడు నేను నవ్వులపాలు చేసిన జవాబు అక్షరాలా నిజమని, తప్పు నాదని చెప్పాను. "పిట్ట కూడా ఉందాండి?" అని ఎవరో అడిగారు. ఉందన్నాను. ఆఖరి బెంచీలో ఆ పిల్ల తల ఎత్తలేదు.

గంట కొట్టాక వరండాలో నా వెనకే వచ్చింది. గడ్డిపరక ఒకటి అడుగుతుందేమో అనుకున్నాను. మార్కులడుగుతుందేమో అనుకున్నాను.

"ఈ మాట మా నాన్నకి చెప్తారా అండి?" అంది.

అప్పుడు తెలిసింది మిగతాది. ఆ రోజు పేపరు సంతకం కోసం తీసుకెళ్లి నాన్నకి చూపించిందట. ఆయన ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదువుకుని, "టీచరమ్మ చెప్పిందే రాయమ్మా, నా మాటలకేం" అన్నాడట. అప్పట్నించి లోడు దింపి వచ్చాక ఏం చూశావు నాన్నా అంటే, "ఏముంటదమ్మా, రోడ్డే" అని ముసుగు తన్ని పడుకుంటున్నాడట. ఏడాదిగా ఆ ఇంటికి ఒక్క ఊరూ రాలేదు.

నేను కోసింది రెండు మార్కులనుకున్నాను.

ఆయనకి కబురు మీద కబురు పంపాను. నేనున్నరోజు ఆయన నాగపూర్‌లో, ఆయనున్నరోజు ఆదివారం. ఉత్తరం రాద్దామంటే, నా చేతిరాతని ఆయన ఒకసారి చదివాడు కదా అని మనసొప్పలేదు. ఉట్టి మాట కాదు, పిట్టనే తీసుకురావాలనిపించింది. సంక్రాంతి సెలవులకి డ్రాయింగ్ మాస్టారి కెమెరా అడిగి పుచ్చుకుని మూడోసారి రైలెక్కాను. మళ్లీనా అన్నారు మావారు. ఎడారికి అలవాటు పడితే ఇంతే, దాహం తీరదు అన్నాను. ఆయన నవ్వలేదు. పండక్కి ఇంట్లో అరిసెలు వండేవాళ్లు లేరని ఆయన బాధ.

జనవరిలో ఆ చోటు మూడో వేషం వేసుకుని ఉంది. గడ్డి పండి బంగారపు రంగుకి తిరిగింది. చలి ఎముకల్లోకి దిగింది. మా వైపు చలంటే గ్లాసుడు టీతో పోయేది. అక్కడ మా మరిది మంకీ క్యాప్, మా చెల్లెలి స్వెట్టరు, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంటే గార్డు నన్ను గుర్తుపట్టలేదు. మే నెలలో ఉల్లిపాయ తెచ్చినావిడ అని మా మరిది చెప్పాక పట్టాడు. ఆకాశంలో కొంగలు బారులు కట్టి పోతున్నాయి. మూడు పూటలు వెళ్లాం. మూడో పూట పిట్ట వచ్చింది, చాలా దూరంలో. జారిపోతున్న దుప్పటి లాక్కుంటూనే ఉన్న రీలంతా దాని మీదే ఖర్చు పెట్టాను.

పేటలో స్టూడియో అతను ఫోటోలు చేతిలో పెడుతూ, "ఏం తీసారండి ఇవి?" అన్నాడు. ముప్ఫై ఆరు ఫోటోల్లో ముప్ఫై అయిదింట గడ్డి. ఒక్కదాంట్లో గడ్డి మధ్య చుక్క.

ఆ చుక్కని కవరులో పెట్టుకుని తిరిగాను. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నందిగామ బస్టాండులో పేట బస్సు కోసం నిలబడి ఉంటే, ఆ పిల్ల వాళ్ల నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, ఎర్రటి కళ్లు. నన్ను చూడగానే తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎన్నో మాటలు అనుకుని పెట్టుకున్నాను. అవన్నీ ఎటో పోయాయి. "మీరు చూసింది నేనూ చూశానండి. ఆ రోజు అలా రాయకూడదు నేను" అని కవరు ఇచ్చాను.

ఆయన ఫోటో బయటికి తీశాడు. వెలుగు కోసం సోడాబండి లైటు కిందకి జరిగాడు. ఫోటో దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఎవరి కళ్లకి ఆనుతుంది ఆ చుక్క?

"ఇదేనండి. ఇదిగో, మెడ. ఎడం పక్కకి పోతా ఉంది చూడండి" అన్నాడు.

ఆ పిల్ల తొంగిచూసింది. దానికి చుక్కే కనపడి ఉంటుంది. "ఏది నాన్నా?" అంది.

"ఇదేనమ్మా. ఆ రోజేమైందనుకున్నావు, టైరు పంచరైంది. జాకీ ఎత్తి చూద్దును కదా..." అని మొదలుపెట్టాడు.

పేట బస్సు వచ్చింది. కండక్టరు నన్ను గుర్తుపట్టి, "రారా మేడమ్?" అన్నాడు. తర్వాతదానికి వస్తానన్నాను. జాకీ, చల్లటి గాలి, గొర్రెలకాపరి ఇచ్చిన మజ్జిగ, ఒక్కొక్కటే వస్తున్నాయి. సోడాబండి అతను కూడా చెయ్యి ఆపి వింటున్నాడు.

"... చుట్టూ గడ్డి. ఇంతా అంతా కాదు, నడుం దాకా ఉందనుకో" అని ఆయన తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

ఆ పిల్ల చటుక్కున నా మొహం వైపు చూసింది.

"అవునమ్మా. ఆ ఏడు వానలు బాగా పడుంటాయి" అన్నాను.