కాల్ బుక్‌లో నాలుగూ పది

సాయంత్రం నాలుగూ పదికి కాల్‌మాన్ పక్క క్వార్టర్ ముందు సైకిల్ దిగి గంట కొట్టాడు. రైలు డ్రైవర్ల ఇళ్ళకు రెండు గంటల ముందే వచ్చి డ్యూటీ చెప్పడం, కాల్ బుక్ అనే పుస్తకంలో టైము వేయించి సంతకం తీసుకోవడం అతని పని. టైము పైకి అరిచి చెప్పడం అతని అలవాటు. "నాలుగూ పది రాయండి బాబూ" అన్న కేక మా వసారాలోకి వినిపించింది.

అమ్మ బియ్యం ఏరుతోంది. నేను డిగ్రీ మొదటి ఏడాది. పక్కనే కూర్చుని చదువుకుంటున్నాను. అప్పటికి పది నిమిషాలుగా గోడ అవతల దెబ్బలు పడుతున్నాయి. సైకిల్ గంటకు ఆగాయి. డ్రైవర్ బయటికొచ్చి సంతకం పెట్టి లోపలికెళ్ళాడు. దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ క్వార్టర్ల లైన్లో అందరికీ తెలిసిన చప్పుడే అది. ఎవరో రేడియో పెంచారు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఈ మాట ఇన్నేళ్ళకు, అమ్మ పోయాక రాస్తున్నాను.

అతను డ్యూటీకి వెళ్ళాక, అమ్మను అక్క వరసన 'అప్పా' అని పిలిచే అతని భార్య మా గుమ్మంలోకి వచ్చింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"అప్పా, ఈసారి ఠాణాకెల్తాను. నువ్వొత్తావా?"

నాన్న కూడా అతను పనిచేసే లోకో షెడ్‌లోనే డ్రైవర్. ఆవిడ వెళ్ళాక అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "ఏటే, నీకు మతుందా? అరెస్టయితే సస్పెండ్ సేత్తారు. రేపు షెడ్‌లో నా మొకం ఎక్కడెట్టుకోమన్నావు?"

"ఇంట్లోనే ఎట్టుకో. నానెల్తన్నాను," అంది అమ్మ.

మర్నాడు పక్కింటి డ్రైవర్ ట్రిప్ నుంచి దిగేసరికి ఆవిడా అమ్మా నేనూ ఠాణాలో ఉన్నాం. అది హిందీ వాళ్ళ ఊరు, అమ్మకు హిందీ అంతంత మాత్రం. మాట చెప్పడానికి నన్ను తీసుకెళ్ళింది. భార్యను హింసిస్తే అరెస్టు చేయొచ్చని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. దరోగా, అంటే అక్కడి ఎస్సై, ఆ సంగతి తెలిసినవాడే. అయినా పెన్ను తీయలేదు.

"ఘర్ కా మామ్లా హై మాతాజీ. ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోవాలి."

పక్కింటావిడ కదలకపోవడంతో ఆమె భర్తను పిలిపించాడు. అతను స్నానం చేసి, శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు: "నిన్న మూడింటికే షెడ్‌లో ఉన్నాను సాబ్. నేను లేనప్పుడు బాత్రూంలో జారి పడుంటుంది."

నాలుగింటికి తన చెవులతో విన్నానంది అమ్మ. నీకు వాచీ ఉందా అని దరోగా అడిగాడు.

"వాచీ లేదు. కాల్ బుక్కుంది. తెప్పించమని సెప్పు," అంది నాతో.

కాల్ బుక్ అంటే ఏమిటో దరోగాకు నేను చెప్పాల్సి వచ్చింది. వింటుంటే ఆ డ్రైవర్ ముఖం పాలిపోయింది. వేలసార్లు పెట్టిన సంతకం అతనికి గుర్తే లేదు.

దరోగా షెడ్‌కి ఫోన్ చేశాడు. గంటకు కాల్‌మాన్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. డ్రైవర్ కేసి చూడలేదు, అమ్మ కేసి చూశాడు.

"నాకింక రెండేళ్ళ సర్వీసుంది తల్లీ."

"నిన్ను అబద్దమాడమన్లేదు కదా. పేజీ తియ్యి."

తీశాడు. నాలుగూ పది డ్రైవర్ చేతిరాతే. సంతకం ఎప్పటిలాగే నీటుగా ఉంది. దెబ్బల మధ్యలో వచ్చి పెట్టిన సంతకం అది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

దరోగా ఆ పేజీ చూశాడు. తర్వాత పెన్ను మూత తీశాడు. ఆవిడా అమ్మా తెలుగులో చెప్పారు, నేను హిందీలో చెప్పాను, అతను రాశాడు. అమ్మ రెండుసార్లు చదివించుకుని, కింద తెలుగులో నెమ్మదిగా సంతకం చేసింది. తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆ ధైర్యం ఆమెకు ఎక్కడిదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నాన్న ఒక్కటే అడిగాడు: "ఏటి, రాసేరా?"

"రాసేరు."

పక్కింటి డ్రైవర్‌ని అరెస్టు చేశారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చివరకు ఏమైందో నేను కనుక్కోలేదు. ఆవిడ ఇద్దరాడపిల్లలతో ఊరి చివర లాల్‌ఖదాన్‌లో ఒక గదిలో చేరింది. మళ్ళీ ఆ క్వార్టర్ గడప తొక్కలేదు. మా లైన్ వాళ్ళు రెండేళ్ళు రామనవమి పందిట్లోకి మమ్మల్ని పిలవలేదు. అమ్మ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అమ్మ పదకొండో రోజుకి ఆవిడ వచ్చింది. జుట్టు నెరిసింది. ఫొటో ముందు కూర్చుని, "నా మాట రాయించింది," అంది.

ఆవిడను దిగబెట్టడానికి పాత లైన్ మీదుగా నడిచాను. ఇప్పుడు డ్రైవర్లకు డ్యూటీ కబురు ఫోన్లో వస్తుంది. పుస్తకం పట్టుకుని ఎవరూ గుమ్మం దాకా రారు.