వదిన, మొరాయించిన ప్లగిన్

ఆఫీసులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె అక్కడ ఒక్కడికే వదిన. ఆ ఒక్కడు పక్క బల్ల దగ్గర కూర్చునే మరిది. అతను రోజంతా "వదినా, వదినా" అంటూంటే మిగతావాళ్ల నోళ్లలోనూ ఆ మాటే నానింది. చివరికి మేనేజరు కూడా మీటింగుల్లో "వదిన ఏమంటారో చూద్దాం" అనడం మొదలుపెట్టాడు.

ఆమె మొదట అదే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది. కూతురు బడిలో చేరాక సాయంత్రం తరగతులకు వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. తర్వాత కొన్నేళ్లకు ఉద్యోగంలో చేరిన మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. ఫోన్ల నాటి అలవాటు మాత్రం పోలేదు. ఎర్రర్ వస్తే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదువుతుంది. మరిదికి అంత ఓపిక లేదు. మొదటి వరుస చూడగానే కోడ్ మీద పడతాడు.

ఫిర్యాదులు నమోదు చేసుకునే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఆ కంపెనీ ప్లగిన్లు, అంటే దానికి కొత్త పనులు జోడించే చిన్న ప్రోగ్రాములు, రాస్తుంది. ఈసారి ప్లగిన్ ఒక ఆసుపత్రికి. లిఫ్టు ఆగిందని ఎవరైనా ఫిర్యాదు పెట్టగానే డ్యూటీలో ఉన్న మెకానిక్ ఫోనుకి కబురు వెళ్లాలి. రాసింది మరిది. విడిగా పరీక్షిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. తీరా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేసరికి మొరాయించింది.

ప్లగిన్‌లోని భాగాలు తమకు కావలసినవి తామే తెచ్చుకోవు. ఫలానాది కావాలని రాసిపెడితే, నడిచే సమయానికి సాఫ్ట్‌వేరే తెచ్చి చేతికందిస్తుంది. ఈ ఏర్పాటునే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. మరిది ప్లగిన్ ఫిర్యాదుల వివరాలిచ్చే సర్వీసును అడిగింది. అలాంటిదేదీ దొరకలేదని ఎర్రర్ వచ్చింది.

"కళ్లెదురుగా ఉంది వదినా. లేదంటుందేంటి?"

"సాఫ్ట్‌వేర్ నుంచి తెమ్మని గుర్తు పెట్టావా?"

"పెట్టాను. రెండుసార్లు చూశా. ఇక ఇదంతా పీకేసి ఆ సర్వీసుని దొడ్డిదారిన లాక్కొస్తా. ఎవరు చూడొచ్చారు?"

"సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు దాన్ని మార్చిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు చూస్తారు" అంది వదిన, తల తిప్పకుండా.

మరిదికి ఉక్రోషం వచ్చింది. కానీ కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. ఆమె ప్లగిన్‌లో భాగాలన్నీ తీయించింది. ఖాళీ ప్లగిన్ హాయిగా లేచింది. ఒక్కో భాగాన్నే తిరిగి చేర్పించింది. ఆ సర్వీసును అడిగే భాగం చేరగానే మళ్లీ కూలబడింది. అప్పుడు ఎర్రర్ మొత్తం పైకి చదివి, చివరి వరుసల దగ్గర ఆగి, తయారైన ప్లగిన్ ఫైలును తెరవమంది.

లోపల సాఫ్ట్‌వేర్ తాలూకు లైబ్రరీ, అంటే దాని సర్వీసులన్నీ ఉండే కోడ్ కట్ట, మొత్తం కూర్చుని ఉంది.

"విందుకి పిలిస్తే క్యారేజీ కట్టుకెళ్లావురా" అంది వదిన.

మరిదికి వెలిగింది. ప్లగిన్ తన వెంట తెచ్చుకున్న కాపీలోని సర్వీసును అడుగుతోంది. సాఫ్ట్‌వేర్ దగ్గరున్నది తన సొంత కాపీ. పేరొకటే అయినా దాని లెక్కలో అవి రెండు వేరు. అందుకే లేదంటోంది. ప్లగిన్‌లో ఏమేం చేర్చాలో చెప్పే బిల్డ్ ఫైలులో, ఆ లైబ్రరీ సాఫ్ట్‌వేరే ఇస్తుందనీ, వెంట తీసుకెళ్లొద్దనీ అర్థం వచ్చేలా ఒక్క మాట మార్చాడు. ప్లగిన్ లేచి కూర్చుంది. అతను ఆనందం పట్టలేక వదిన కుర్చీని గిర్రున తిప్పేశాడు. ఆమె బల్ల పట్టుకుని ఆపుకుని, "మేనేజరు చూస్తున్నాడు, పరువు తీయకు" అని నవ్వింది.

తర్వాతి వారం ఆసుపత్రి మెకానిక్ ఫోన్ చేశాడు.

"కబురు ఠంచనుగా వచ్చింది సార్. ఎన్నో అంతస్తో మాత్రం లేదు. అన్నీ ఎక్కి దిగాను."

"అయ్యో, క్షమించండి. ఇవాళే చేర్చేస్తాను" అన్నాడు మరిది. ఫోన్ పెట్టేసి వదిన వైపు తిరిగాడు. "నేను చేస్తుంటే పక్కన కూర్చుంటావా?"

"అక్కర్లేదు. అయ్యాక చెప్పు, చూస్తా."

ఆ మాటతో అతనికి కాస్త బెదురు, అంతకంటే ఎక్కువ గర్వం కలిగాయి. వదిన అప్పటికే తన పనిలో మునిగిపోయింది.