మగ్గం గుంతలో నా చోటు

పోయిన నెలలో, సగం మా అమ్మాయి బలవంతం మీదా సగం నా అవసరం కొద్దీ, ఇల్లు సర్దుకోవడంలో సలహాలు చెప్పే ఒక అమ్మాయిని మా ఇంటికి పిలిపించుకున్నాను. బెంగళూరులో వర్తూరు వైపు నేనుంటున్న ఫ్లాటు మరీ చిన్నది. ఒక పడకగది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగిపోవలసిన వంటిల్లు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నేను పోగేసుకున్న పుస్తకాలూ, పారెయ్యడానికి మనసొప్పని పాత చీరలూ అందులో ఇమడక, ఎటు కదిలినా కాలికి ఏదో ఒకటి తగులుతూ ఉంటే, ఇక లాభం లేదని నలుగురినీ అడిగి ఆమె ఫోను నంబరు సంపాదించాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. చేతిలోని చిన్న యంత్రంతో గోడమీద ఎర్రటి చుక్క వేసి గది గదినీ కొలిచింది. చివరికి కిటికీ పక్కనున్న నా రాతబల్ల దగ్గర ఆగింది.

"ఆంటీ, ఈ కార్నర్ అంతా వేస్ట్ అవుతా ఉంది. ఈ టేబుల్ తీసేస్తే ఇక్కడ ఫుల్ హైట్ వార్డ్‌రోబ్ వచ్చేస్తుంది. మీరు చదువుకునేది బెడ్ మీదే కూర్చుని చదువుకోవచ్చు కదా?"

మిగతా సలహాలన్నీ నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మంచం కింద సొరుగులు, తలుపు వెనక కొక్కేలు, లేత రంగు తెరలు, అన్నీ సరేనన్నాను. బల్ల మాత్రం అక్కడే ఉంటుందని చెప్పాను. నా గొంతు నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చినట్టుంది, పాపం బిత్తరపోయింది. ఆమె తప్పేమీ లేదు. నువ్వు కూర్చునే చోటు దండగ, దాన్ని తీసేస్తే ఇల్లు బాగుపడుతుంది అనే మాట నేను పదిహేనో ఏటే విన్నానని ఆమెకెలా తెలుస్తుంది?

మాది బెంగళూరు పేటలో మగ్గాల వీధి. నా వయసు వాళ్ళకు అక్కడి వఠారాలు ఎలా ఉండేవో చెప్పనక్కరలేదు. నడుమ ఒక పెరడు, దాని చుట్టూ తొమ్మిది ఇళ్ళు, అందరికీ కలిపి ఒక కొళాయి, గుమ్మంలో కన్నడం, గుమ్మం దాటి లోపలికొస్తే తెలుగు. మా ఇల్లంటే ముందు మగ్గం గది, వెనక వంటిల్లు, పైన ఒక అటక, అంతే. నాయన, అమ్మ, అవ్వ, అన్న, నేను, ఐదుగురం అందులోనే ఉండేవాళ్ళం. కానీ ఆ ఇంటికి అసలు యజమాని మగ్గమే. సగం గదిని అది ఆక్రమించుకుని కూర్చుంటే, మిగిలిన సగంలో మేము ఒదిగి బతికేవాళ్ళం. నాయన నేల మట్టాన కూర్చుని, కాళ్ళు కిందనున్న గుంతలోకి వదిలి, తొక్కుడు పలకలు తొక్కుతూ పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నేసేవాడు.

ఇల్లు సర్దడం అనే విద్య మా అమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నేనిప్పటికీ అంటాను. దూలానికి వరసగా ఉట్లు, గోడకు కట్టిన తాడు మీద మడతలు చెదరని చీరలు, ఒక్క పలక మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పేర్చిన డబ్బాలు, పొద్దున్నే చుట్టి అటకెక్కించే పరుపులు. చీకట్లో చెయ్యి చాపినా అగ్గిపెట్టె దొరికేది. దొరకలేదంటే తీసినవాడు దాని చోట పెట్టలేదన్నమాట, ఆ రోజు వాడికి అమ్మ చేత చివాట్లు తప్పవు. ఇన్నిటికీ చోటు చూపించిన అమ్మకు నాకొక చోటు కావాలని తోచలేదు. తప్పు పట్టడం లేదు. ఆమెకే లేదు మరి.

నేను హైస్కూలుకు వచ్చేసరికి మరమగ్గాలు వీధిలోకి వచ్చేశాయి. నాయన రెండేళ్ళు పంతం పట్టాడు, ఆ తర్వాత ఒకనాడు మగ్గం విప్పి, కర్రలూ పలకలూ అటకెక్కించి, పక్క వీధిలో ఇంకొకరి మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. అప్పటి నుంచి ఇంట్లో నడిచేటప్పుడు ఆ గుంతను చుట్టి పోయేవాడే తప్ప దాని వంక చూసేవాడు కాదు. అమ్మ అందులో ఉల్లిగడ్డలూ, విరిగిన చాటలూ, పాత చీపుర్లూ వేసింది.

నేను పదో తరగతి. కూర్చుని రాసుకుందామంటే వఠారం అరుగు మీద తొమ్మిది ఇళ్ళ పిల్లల గోల, వంటింట్లో పొగ, పడుకునే చోట అవ్వ దగ్గు. ఒక ఆదివారం ఎవరినీ అడగకుండా గుంతలోని చెత్తంతా తీసేసి, పేడతో అలికి, ఆరాక అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదిలాను. ఎదుటి అంచు మీద ఒక పీట వేసుకుంటే అదే బల్ల. ఎడమ పక్క వాకిలి నుంచి వెలుతురు. పుస్తకం తెరిచి చూస్తే, వంగే పని లేకుండా, మెడ నొప్పి లేకుండా, ఎవరో నా కొలతలు తీసుకుని తవ్వించినట్టు ఉంది. ఆ గుంత నాలుగు నెలలు నాది.

అంతలో అన్నకు దేవనహళ్ళి సంబంధం కుదిరింది. అమ్మకు దిగులు పట్టుకుంది. కొత్త కోడలు ఎక్కడ పడుకోవాలి, ఆమె పెట్టె ఎక్కడ పెట్టుకోవాలి, ఈ ఇంట్లోకి ఆ పిల్లను ఏ ముఖం పెట్టుకుని తీసుకురావాలి? ఆ రోజుల్లో ఇలాంటి చిక్కులు తీర్చడానికి మా బంధువుల్లో అందరూ వెళ్ళేది మా మేనత్త దగ్గరికే. నాయనకు అక్క, హొసకోటెలో ఉండేది. ఆమె ఇంట్లో అద్దాల బీరువాలో బొమ్మలుండేవి, రేడియోకు అల్లిక గౌను ఉండేది, వంటింటి గుమ్మానికి పూసల తెర వేలాడుతూ ఉండేది. పెళ్ళి కుదిరిన ప్రతి ఇంటివాళ్ళూ ఆమెను పిలిచి, ఏది ఎక్కడ పెట్టాలో అడిగేవాళ్ళు. అమ్మ కబురు పంపితే మరుసటి రోజు పొద్దున బస్సుకే దిగింది.

ఇల్లంతా రెండుసార్లు తిరిగి, గుంత దగ్గర నిలబడి తీర్పు చెప్పింది. "ముందు దీన్ని పూడ్సేయండప్పా. సుమ్నే, ఉత్తపుణ్యానికి సగం ఇల్లు తినేస్తా ఉండాది. ఈడ మంచం ఏసి, అడ్డంగా ఒక తెర కట్టండి, కొత్త జంటకు చాలు." ఆ తర్వాత నా వైపు తిరిగి, నాకు కాదు, అమ్మకు చెప్పింది. "దీన్ని నాతో పంపించు. పరీక్ష రాసి ఏం చేస్తాది? నా ఇంట్లో నాలుగు పనులు నేర్చుకుంటే రేపు దానికే మంచిది. మీకూ ఒక మనిషి జాగా మిగుల్తాది."

చెడ్డ మనిషి కాదు మా మేనత్త. ఇరుకు ఇంట్లో ఏది అక్కరలేదో చూసి తీసేయమనడమే ఆమెకు తెలిసిన విద్య. ఆమె లెక్కలో మొదట గుంత వచ్చింది, రెండోది నేను. అమ్మ మంచానికి చోటు కొలుచుకోసాగింది. అన్న పెళ్ళి హడావిడిలో ఉన్నాడు. నాయన పనిలో ఉన్నాడు. నన్నెవరూ అడగలేదు.

మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో ఎర్రమట్టి కుప్ప పోసి ఉంది. ఎక్కడో ఇల్లు కడుతుంటే అన్న తోపుడుబండి మీద తెచ్చాడట. గంపకెత్తుకుని లోపలికి వస్తున్నాడు. నేను పుస్తకాల సంచి కూడా దించకుండా పోయి గుంతలో కూర్చున్నాను.

"లేయ్ మే," అన్నాడు అన్న.

"లేయను. పోసేదుంటే నా మీదే పొయ్యి."

అన్న మొదట నవ్వాడు, ఆ తర్వాత అరిచాడు, ఆ తర్వాత గంప కింద పెట్టి అమ్మను పిలిచాడు. అమ్మ బతిమాలింది, ఏడ్చింది. అవ్వ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, నేను తాగాను గానీ లేవలేదు. వఠారంలోని ఆడవాళ్ళంతా గుమ్మంలో గుమికూడి, కన్నడంలో సగం తెలుగులో సగం నాకు బుద్ధులు చెప్పారు. ఇంత మొండి దాన్ని తానెక్కడా చూడలేదని మేనత్త పదిసార్లు అనింది. నాకు భయం లేదని చెబితే అబద్ధమవుతుంది. అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. కానీ ఒక్కసారి లేస్తే ఇంక ఆ ఇంట్లో, ఆ తర్వాత ఏ ఇంట్లోనూ, నేను కూర్చునే చోటంటూ ఉండదని ఎందుకో బాగా తెలిసిపోయింది. అలాగే కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు నాయన షెడ్డు నుంచి వచ్చాడు. జుట్టంతా నూలు దూది. అందరూ ఒక్కసారే చెప్పారు. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, కాళ్ళు కడుక్కుని వచ్చి నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. రెక్క పట్టుకుని లాగేస్తాడనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన గుంతలోకి వంగి నా కాళ్ళు చూస్తున్నాడు.

"కింద అందడం లేదు గదమ్మీ," అన్నాడు. "అట్ల కాళ్ళు యాలాడేసుకుని కూసుంటే నడుము పట్టుకుంటాది."

పెరట్లోకి పోయి రెండు ఇటుకరాళ్ళు తెచ్చి, గుంతలోకి చెయ్యి పెట్టి, నా పాదాల కింద ఒక్కొక్కటే సర్దాడు. మోకాళ్ళు సరిగ్గా వచ్చాయా అని చూసుకున్నాడు. ఆ తర్వాత లేచి మేనత్త వైపు తిరిగాడు. ఆమె ముందు ఆయన గొంతు లేవగా నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ లేవలేదు.

"అక్కా, ఇరవై ఏండ్లు నేను ఆడ కూసునే వీళ్ళకు తిండి పెట్టినా. అది పని చేసే జాగా. ఇప్పుడు నా బిడ్డ ఆడ పని చేస్తా ఉండాది. ఎవురూ పూడ్సద్దండి."

మేనత్త మరుసటి రోజు బస్సుకే వెళ్ళిపోయింది. నన్ను తీసుకుపోలేదు.

చిక్కు మాత్రం అలాగే ఉంది కదా, దాన్ని నాయనే తీర్చాడు. అటక మీది మగ్గం పలకలు దించి, నేల మట్టానికి సరిపోయేలా గుంతకు రెండు ముక్కల మూత చేశాడు. పడకల వేళకు మూత వేసి దాని మీద అన్నావదినల పరుపు, తెల్లవారితే పరుపు అటక మీదికి, మూత గోడకు. మేనత్త చెప్పిన తెర కూడా కట్టించాడు. మంచి సలహా ఎవరిదైనా మంచిదే అన్నాడు. ఎర్రమట్టిని వఠారం ఆడవాళ్ళు పొయ్యిలకూ అరుగులకూ తలా ఇంత పట్టుకుపోయారు.

వదిన వచ్చాక ఆ మూత మీద పడుకోవలసి వచ్చినందుకు నన్ను తిట్టుకుంటుందేమోనని బెదిరాను. నాలుగో రోజు పొద్దున ఆమె మూత తీసి పక్కన పెట్టి, గుంతను తేరిపార చూసి, నువ్వు బడికి పోయినాంక దీంట్లో ఎవురు కూసుంటారు అని అడిగింది. ఎవరూ కూర్చోరన్నాను.

"అట్లయితే పగలు నాకియ్యి. నా మిషను పెట్టేదానికి యాడా జాగా లేదని ఏడుస్తా ఉండా."

ఆమె పెట్టెలో చీరల కింద చేత్తో తిప్పే కుట్టుమిషను ఉందని అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి పగలు గుంత ఆమెది, సాయంత్రం నాది. ఆమె పొడగరి, ఇటుకలు అక్కరలేదు, తీసి పక్కన పెట్టి మళ్ళీ పెట్టడం మరిచిపోయేది. మేమిద్దరం పోట్లాడుకున్నదంటూ ఉంటే ఆ ఇటుకల గురించే. నేను పరీక్ష పాసయ్యాను, టైపు నేర్చుకున్నాను, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. వదిన ఆ వీధిలో సగం మందికి రవికలు కుట్టింది. అన్న పని చేసే షెడ్డు మూతపడిన ఏడాది ఇల్లు నడిచింది ఆమె చేతి మీదే.

మేనత్త మాత్రం ఎప్పుడు వచ్చినా గుమ్మంలోనే అడిగేది, ఇంకా పూడ్సలేదా అని. చివరి రోజుల్లో ఆమెకు మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేకపోయేది. మా ఇంట్లో ఆమె హాయిగా కూర్చోగలిగింది ఒక్క గుంత అంచునే. కాళ్ళు లోపలికి వదిలి, వక్కాకు నములుతూ, ఆనాడే పూడ్చి ఉంటే ఇల్లు ఎంత విశాలంగా ఉండేదో అని వదినకు చెప్పేది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా నవ్వు ఆపుకునేవాళ్ళం.

నాయన పోయాక చాలా ఏళ్ళకు వఠారం అమ్ముడుపోయింది. పడగొట్టే రోజు నేనూ వదినా ఆటోలో వెళ్ళి వీధికి అవతల నిలబడి చూశాం. గోడలు పడ్డాయి, లారీ వెనక్కి వచ్చి రాళ్ళూ మట్టీ కుమ్మరించింది, గుంత ఎక్కడుండేదో కూడా ఆనవాలు లేకుండా పోయింది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల దుకాణాలు. ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు, గుమ్మం దాటితే వినిపించే తెలుగు కూడా తగ్గిపోయింది. ఈ కాలం ఇళ్ళలో ఆడపిల్లలకు బల్లలూ గదులూ ఉన్నాయి, అది మంచిదే, ఉండవలసిందే. అయినా మా వీధివాళ్ళం పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు, ఆ ఇరుకు ఇళ్ళలో ఎలా బతికామో అని ఎవరైనా జాలిగా నవ్వితే నేను మాత్రం నవ్వను. ఇరుకే, కాదనను. ఆ ఇరుకులో మోకాలి లోతు చోటు నాదై ఉండింది, దాన్ని నేను కూర్చుని నిలబెట్టుకున్నాను. దాన్ని చివరికి పూడ్చింది లారీలే గానీ, మా ఇంట్లోవాళ్ళు కాదు.